పేర్లు పోయిన పాటలు

పాడైన హార్డ్‌డిస్కుల్లో జనం పోగొట్టుకున్నది వెతికి తిరిగి ఇవ్వడం నా ఉద్యోగం. రాంగోపాల్‌పేట్‌లో ఒక బట్టల కొట్టు పైన, కిటికీ పక్క బల్ల దగ్గర నా సర్వీసంతా గడిచింది. పదవీ విరమణ అనే పెద్ద మాట మా పనికి నప్పదు. ఒకరోజు నా స్క్రూడ్రైవర్లు నా తర్వాతి అమ్మాయికి ఇచ్చి ఇంటికి వచ్చేశాను, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటికి వచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతుంటారు. వాటికి నా దగ్గర మంచి జవాబులు లేవు. నేను కష్టపడి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లలో సగం ఇప్పుడు ఎవరూ వాడరు. ఈ పని లోపల ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. అది చెప్పడానికి నాకు ఎప్పుడూ ఒక్క కేసే గుర్తొస్తుంది. నేను ఇంటికి వచ్చేసే ముందు వచ్చిన ఆఖరి పెద్ద కేసు అది.

మా సార్

ముందు మా యజమాని గోవర్ధన్ సార్ గురించి చెప్పాలి. మాట మొరటు, చెయ్యి నెమ్మది. నేను చేరినరోజు పనికిరాని డిస్కు ఒకటి విప్పి, లోపల అద్దంలా మెరిసే పళ్లేన్ని నా ముందు పెట్టాడు. అందులో నా ముఖం కనిపించింది.

"ఏం కనబడ్తుంది?" అని అడిగాడు.

"నా మొఖమే సార్."

"దీనిమీద ఎవరో పెండ్లి ఫొటోలు దాచుకున్నరు. నీకు నీ మొఖం కనబడ్తుంది. అందుకే మొదలు భయపడు, తర్వాత ముట్టుకో."

ఆయన దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన పాఠం, అసలు డిస్కు మీద ఎప్పుడూ పని చెయ్యకూడదని. దాన్ని అక్షరం పొల్లుపోకుండా మరో డిస్కులోకి నకలు తీసుకుని, అసలును బీరువాలో పెట్టి తాళం వేసి, నకలు మీదే కుస్తీ పట్టాలి. వచ్చినవాళ్లతో ఏం మాట్లాడాలో కూడా ఆయనే నేర్పాడు. "పోయిందని మొదలే చెప్పకు. దొరుకుతదని సుత చెప్పకు. చూస్త అని చెప్పు."

ఇంకొక మాట కూడా అనేవాడు. "ఫైలు వరకే మన పని. అందుల ఉన్నది వాళ్లది. మనకెందుకు?" ఈ మాట చాలామటుకు సరైనదే. జనం ఉత్తరాలు, ఫొటోలు, కాపురాలు అన్నీ మా బల్ల మీదికి వస్తాయి. పరాయివాళ్ల బతుకు తొంగిచూసే అలవాటు ఒక్కసారి పట్టుకుంటే ఈ పనికి మనిషి పనికిరాడు. కానీ లోపల ఉన్నదేమిటో తెలుసుకోకుండా పూర్తికాని పని ఒకటి ఉంటుందని ఆయనా ఊహించలేదు, నేనూ ఊహించలేదు.

టవల్లో చుట్టిన పెట్టె

వేసవి మొదట్లో గాలివానలు పడే రోజులవి. స్వరూప అనే ఒకామె మెట్లెక్కి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుందట, సైనిక్‌పురిలో ఇల్లు. పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు టవల్లో చుట్టిన ఒక పెట్టెను బల్ల మీద పెట్టింది. ఇంట్లో పాటలు దాచిపెట్టుకుని ఏ గదిలో కావాలంటే ఆ గదిలో వినడానికి వాడే మ్యూజిక్ సర్వర్ అది. చెప్పుల డబ్బా అంత ఉంటుంది, లోపల రెండు డిస్కులు.

"మేడం, ఇండ్ల పాటలున్నయి. జెర తీసియ్యుండ్రి."

"సిన్మా పాటలైతే మల్ల యాడనన్న దొరుకుతయి గదమ్మా?"

"ఇవి యాడ దొరకయి మేడం. మా నాయిన మిలిటరీల ఉన్నప్పుడు రికార్డు చేసిన పాటలు."

ఆమె తండ్రి సుబేదార్ నర్సయ్య సైన్యంలో వైర్‌లెస్ విభాగంలో పనిచేశాడు. దేశంలో ఎక్కడికి బదిలీ అయినా వెంట టేపురికార్డర్ ఉండేది. సాయంత్రం పూట జవాన్లు వాళ్ల వాళ్ల ఊరి పాటలు పాడుతుంటే రికార్డు చేసేవాడు. నాట్లు వేసేటప్పటి పాటలు, జోలపాటలు, పెళ్లికూతురిని సాగనంపే పాటలు. రిటైరయ్యి సైనిక్‌పురిలో స్థిరపడ్డాక ఓపిగ్గా అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. టేపులు అప్పటికే బూజు పట్టి ఉండటంతో తర్వాత పారేశారు. మిగిలింది ఈ పెట్టె ఒక్కటే.

"నాయినకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది మేడం. ఏమడిగినా 'గదే, గదే' అంటడు. ఆకలైనా గదే, కోపమొచ్చినా గదే. కని పాట పెడితే మాత్రం పాడ్తడు. మాటల్తోని సహా పాడ్తడు."

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది.

"మీరు నమ్ముతలేరు గదా? మేము సుత నమ్మలే. మాట నేర్పనీకి వచ్చే డాక్టరమ్మ చెప్పింది, కొందరికి మాట పోయినా పాట మిగులుతదంట. రోజూ ఈ పాటలు పెట్టి, ఆయన పాడుతుంటే మధ్యల ఒక్కొక్క మాట పట్టుకుని నేర్పుతుండె. నీళ్లు అనడం వచ్చింది. వద్దు అనడం వచ్చింది. గంతల గాలివానకు కరెంటు పోవుడు వచ్చుడు, పోవుడు వచ్చుడు. పెట్టె ఖరాబైంది. పెట్టె బందయినంక నాయిన సుత బందయిండు. గోడ దిక్కు మొఖం పెట్టి పండుకుంటుండు. తింటలేడు."

"పెట్టెను మల్ల ఎవరన్న ముట్టుకున్నరా?" అని అడిగాను. ఈ ప్రశ్న వేసినప్పుడు చాలామంది కిటికీ వైపు చూస్తారు. స్వరూప చూడలేదు.

"మా ఆఫీసుల ఒకాయనను పిలిచిన మేడం. అప్పటిదాంక సగం పాటలన్న మోగుతుండె. ఒక పేరు నొక్కితే ఇంకో పాట వచ్చేది, అయినా వచ్చేది. ఆయన రిపేర్ అని ఉన్నదాన్ని నొక్కిండు. మొత్తం ఖాళీ అయింది."

పిల్లలూ, రిపేర్ అనే ఆ బొత్తాం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దానికి కావలసింది పెట్టె మళ్లీ నడవడం. మీ పాటలు ఉన్నాయా పోయాయా దానికి పట్టదు. తనకు అర్థంకాని చోటును ఖాళీ చోటు అనుకుని దాని మీద కొత్త రాతలు రాసేస్తుంది. గాలివాన చేసిన నష్టం కంటే గాలివాన తర్వాత మనుషులు చేసే నష్టమే ఎక్కువ చూశాను నేను.

"చూస్తనమ్మా," అన్నాను.

"రెండు డిస్కులున్నయి గదా మేడం, ఒకటి పోయినా ఇంకోటి ఉంటదని పెట్టినం."

అందరూ పడే పొరపాటే ఇది. రెండో డిస్కు మొదటిదానికి అద్దం. మొదటిదానిలో మంచి రాస్తే మంచి, చెడు రాస్తే చెడు, అదే క్షణంలో అందులోనూ కనిపిస్తుంది. డిస్కు కాలిపోతే అద్దం కాపాడుతుంది కానీ తప్పు రాత నుంచి కాపాడదు. ఇంకో ఇంట్లో, కరెంటుకు తగిలించకుండా దాచిన నకలు మాత్రమే నిజమైన నకలు. ఆ మాట ఆమెతో అప్పుడు అనలేదు. నీళ్లలో పడ్డవాడికి ఈత పాఠం చెప్పకూడదు.

వాన శబ్దం

రెండు డిస్కులకూ నకళ్లు తీసి, అసలువాటిని బీరువాలో పెట్టి మొదలుపెట్టాను.

డిస్కులో పాట ఒకచోట ఉంటుంది. దాని పేరు, అది ఎక్కడెక్కడ ఉందో చెప్పే వివరం మరోచోట ఉంటాయి. ఇక్కడ ఆ పేర్లూ వివరాలూ ఉండే భాగం ముక్కలు చెక్కలైంది. అంటే ఊళ్లో మనుషులందరూ ఇళ్లలోనే ఉన్నారు, వీధుల పేర్లూ ఇంటి నంబర్లూ మాత్రం చెరిగిపోయాయి. అప్పుడు తలుపు తలుపూ తట్టడం తప్ప దారి లేదు. ప్రతి సౌండు ఫైలూ మొదట్లో ఒక గుర్తుతో మొదలవుతుంది. ఆ గుర్తు కోసం డిస్కు ఈ చివర నుంచి ఆ చివరిదాకా జల్లెడ పట్టాలి.

మొదటి గుర్తు తగిలినప్పుడు హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్‌లో పెట్టాను. మొదట వాన. రేకుల కప్పు మీద పెద్ద వాన. తర్వాత ఎవరో దగ్గారు. గిన్నె కిందపడిన చప్పుడు, నవ్వులు. అప్పుడు ఒక పడుచు గొంతు, ఆర్డరు వేసినట్టు హిందీలో పలికింది: పాడే సిపాయి పేరు, అతని ఊరు, ఆ వెంటనే "గానా షురూ". అది సుబేదార్ నర్సయ్య గొంతని తర్వాత తెలిసింది. ఆ వెనుక పాట మొదలైంది. ఏ భాషో నాకు తెలియదు. కొండల వైపు పాటలా ఉంది, ఒక్కొక్క పదాన్నీ లోయలోకి విసిరినట్టు పాడుతున్నాడు.

గోవర్ధన్ సార్ తన గదిలోంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. పాట అయ్యేదాకా విన్నాడు.

"ఈ వాన ఎప్పుడు పడ్డదో," అన్నాడు చివరికి.

అన్నేళ్లు చేసిన పనే. అయినా ఆ మధ్యాహ్నం ఆ పాటను మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఎక్కడో ఏదో కొండమీద కురిసి ఆగిపోయిన వాన, టేపులోకి ఎక్కి, టేపులోంచి డిస్కులోకి దిగి, తన పేరూ చిరునామా పోయినా ఒక్క చినుకు తగ్గకుండా మా రాంగోపాల్‌పేట్ గదిలో కురుస్తోంది. కింద వీధిలో ఆటోల హారన్లు. నాకు అవి వినబడలేదు.

అతికించాలా వద్దా

చాలా పాటలు అలా నిండుగా దొరికాయి. ప్రతి పాటకు ముందు ఆయన గొంతే పేరు చెప్పడంతో, పోయిన పేర్లు వాటంతట అవే తిరిగి వచ్చాయి. కష్టం మిగతా వాటితో వచ్చింది. పెద్ద రికార్డింగులు డిస్కులో ఒకేచోట ఉండవు. చోటు దొరికినచోట ముక్కలై పడుకుంటాయి. మొదటి ముక్కకు గుర్తు ఉంటుంది, మధ్య ముక్కలకు ఉండదు. పాట సగంలో తెగిపోతుంది. ఇంకెక్కడో ఒక మధ్య ముక్క దొరుకుతుంది. అది దీనిదేనా? గొంతులు ఒకేలా ఉన్నాయి, భాషలు నాకు తెలియవు.

దొరికినవి ఇచ్చేసి కేసు మూసెయ్యమన్నాడు సార్.

"ముక్కలు ముక్కలుగనే ఇయ్యి విజయా. అంచనతోని అతికియ్యకు. ఒకని పాటకు ఇంకొకని గొంతు అతికిస్తే, అది ఇచ్చినట్టు గాదు, చెడగొట్టినట్టు."

"అంచనతోని గాదు సార్. తెల్సిన మనిషిని అడిగి అతికిస్త."

"ఎవరు తెల్సిన మనిషి? ఆయనకు మాటనే లేదాయె!"

"పాట ఉన్నదంట గద సార్."

సార్ కోప్పడతాడనుకున్నాను. "నేను సుత వస్త పద," అన్నాడు. కస్టమర్ ఇంటికి ఆయన వెళ్లడం నేను చూడటం అదే మొదటిసారి.

సైనిక్‌పురిలో

స్వరూప వాళ్ల ఇల్లు చిన్నది. ముందు వరండాలో వెదురు కుర్చీ, దాంట్లో సుబేదార్. గడ్డం నున్నగా గీసి ఉంది, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. అది ఆయన భార్య అనసూయమ్మ పట్టుదల. ఆయన కుడిచెయ్యి ఒళ్లో వాలి ఉంది. చూపు గోడమీద ఉంది. మేం వచ్చినా తిప్పలేదు.

"గిట్లనే ఉంటుండు చెల్లె," అంది అనసూయమ్మ నాతో. "బువ్వ పెడితే నోరు సుత తెరుస్తలేడు. నేనేం పాపం చేసిన్నో."

నేను ల్యాప్‌టాప్ తెరిచి మొదట ఆ వాన పాట పెట్టాను.

వాన మొదలుకాగానే ఆయన తల తిరిగింది. గిన్నె పడ్డ చప్పుడుకు పెదవి కదిలింది. నవ్వులు రాగానే ఆయనా నవ్వాడు, ముఖంలో ఒకవైపే. పాట మొదలైంది. ఆయన నోరు తెరిచాడు.

ఏం చెప్పను! ఇంట్లో ఆకలి వేస్తే బువ్వ అని అడగలేక "గదే" అని చెయ్యి ఊపే మనిషి, తనది కాని భాషలో, ఎవరో కొండ పిల్లవాడు నేర్పిన పాటను మాట మాటకూ పాడుతున్నాడు. గొంతు జీర పోయింది, శ్రుతి అక్కడక్కడ వణికింది, కానీ ఒక్క పదం తప్పలేదు. నా పక్కన గోవర్ధన్ సార్ లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదనుకుంటాను.

అనసూయమ్మ కొంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్లింది.

అప్పుడు పని మొదలైంది. తెగిన ముక్క వినిపించేదాన్ని. అది టక్కున ఆగిపోయేది. ఆయన ఆగేవాడు కాదు, తర్వాతి చరణంలోకి వెళ్లిపోయేవాడు. ఆయన పాడింది విని, అనాథలుగా పడి ఉన్న మధ్య ముక్కల్లో దాన్ని వెతికేవాళ్లం. సరైనది పెడితే ఎడమచేత్తో కుర్చీ చెయ్యిమీద కొట్టి "గదే! గదే!" అనేవాడు. తప్పుది పెడితే, ఎవరో వరస తప్పి నడిచినట్టు కళ్లు పెద్దవి చేసేవాడు. కొన్నాళ్లు రోజూ పొద్దున అక్కడికి వెళ్లాం. ఒక పొద్దున ఆయన గోడవైపు కాక గేటువైపు తిరిగి కూర్చుని మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఉప్మా ప్లేటు ఖాళీ చేశాడని అనసూయమ్మ పండగలా చెప్పింది.

మెదడు డాక్టర్లు దీనికి కారణం చెబుతారు. పాటకు దారి వేరు, మాటకు దారి వేరు అంటారు. నిజమే కావచ్చు. కారణం తెలిసినంత మాత్రాన నా ఆశ్చర్యం తగ్గలేదు.

మొదలు లేని పాట

చివరికి ఒక్క ముక్క మిగిలింది. ఏ మొదటి ముక్కతోనూ అతకలేదు. రిపేర్ బొత్తాం కొత్త రాతలు రాసింది సరిగ్గా దాని మొదటి భాగం మీదే. అది ఇక లేదు. డిస్కు మీద ఒకసారి కొత్త రాత పడితే పాతది తెచ్చే విద్య మా దగ్గర లేదు. తెస్తామని ఎవరైనా నమ్మబలికితే నమ్మకండి.

"దీని ముందుభాగం పోయింది సాబ్," అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ ముక్క వినిపించాను. ఏదో జోలపాట. లోతైన గొంతు, మధ్యలోంచి మొదలై మెల్లగా ముగిసింది.

సుబేదార్ నర్సయ్య కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత వెన్ను నిటారుగా పెట్టాడు. ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లో సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, ఆ పడుచు గొంతు ప్రతి పాటకు ముందు పలికినట్టే, ఆర్డరు వేసినట్టు పలికాడు:

"సిపాయి దీనబంధు. గంజాం వాలా. గానా షురూ."

అది పాట కాదు, మాట. ఒక మనిషి పేరు, ఊరు. స్వరూప నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ఆగకుండా ఆ జోలపాటను మొదటినుంచీ ఎత్తుకున్నాడు. చెరిగిపోయిన భాగమంతా పాడి, మా దగ్గరున్న ముక్క దాకా వచ్చి, దాటి, చివరిదాకా పాడి ఆపాడు. నా ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ నడుస్తూనే ఉంది. గోవర్ధన్ సార్ ఎప్పుడు నొక్కాడో నేను చూడలేదు.

ఆ రెండింటినీ అతికించలేదు. దీనబంధు పాడినంత దీనబంధుదే, సుబేదార్ పాడింది సుబేదార్‌దే. రెండు వేర్వేరు ఫైళ్లుగా పక్కపక్కన పెట్టాం. అన్నీ కలిపి నకళ్లు తీసి, ఒకటి స్వరూప పిన్ని ఇంట్లో దాచమన్నాం.

తర్వాత

ఇలాంటి కథ విన్నాక, అన్నీ దొరుకుతాయని అనుకోకండి. మా బల్ల మీదికి వచ్చినవాటిలో చాలా డిస్కులు ఏమీ ఇవ్వకుండానే వెళ్లిపోయాయి. కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లకు చేతులు జోడించి పంపిన రోజులే ఎక్కువ. అందుకే ఈ పని మీకు నేర్పేది తెలివికంటే వినయం. కొందరికి అదీ నేర్పదు. వాళ్లు తొందరగా వేరే ఉద్యోగాల్లోకి పోవడం మంచిది.

సుబేదార్ పూర్తిగా కోలుకోలేదు. చెయ్యి రాలేదు. మాట కూడా మీరూ నేనూ మాట్లాడినట్టు రాలేదు. డాక్టరమ్మ ఆయనకు చిన్న చిన్న వాక్యాలను రాగంలో పెట్టి నేర్పుతోందని స్వరూప అప్పుడప్పుడు చెప్పేది.

నేను పని మానేశాక ఒక సాయంత్రం స్వరూప నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ పెట్టెకు ఏమైందో అనుకుంటూ ఎత్తాను.

"హలో, స్వరూపా?"

ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత, జవాన్లు కవాతు చేస్తూ పాడే వరసలో, ఒక్కొక్క మాటను మోసుకొచ్చి దించుతున్నట్టు ఒక జీర గొంతు పాడింది:

"మేడం... చాయ్... తాగనీకి... రా."

నాకు పాట రాదు. చిన్నప్పుడు బడిలో ప్రార్థనకు కూడా పెదవులే కదిపేదాన్ని. అయినా ఆ మనిషికి మామూలుగా జవాబివ్వడానికి నోరు రాలేదు.

"వస్తున్న... సాబ్... వస్తున్న," అని ఆ వరసలోనే పాడాను.

రాగం ఎక్కడికో పోయింది. అవతల సుబేదార్ పకపకా నవ్వాడు. చెప్పులేసుకుని బయలుదేరాను.